రేడియేషన్ తర్వాత వచ్చే నరాల నొప్పి: ఓర్చుకోకండి, చెప్పండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకున్నవాళ్ళు, లేదంటే వాళ్ళను కనిపెట్టుకుని ఉన్న ఇంటివాళ్ళు. క్యాన్సర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

రేడియేషన్ చికిత్స అయిపోయాక నెలలకో, ఏళ్ళకో మొదలయ్యే ఒక నరాల నొప్పి ఉంది. స్కాన్‌లో ఏమీ లేదంటారు. రక్తపరీక్షలు బాగున్నాయంటారు. చూసేవాళ్ళకు మనిషి బాగానే కనిపిస్తారు. కానీ రాత్రయ్యేసరికి చెయ్యి భగభగా మండుతుంది. భుజం నుంచి వేళ్ళ దాకా షాక్ కొట్టినట్టు జిల్లుమంటుంది. చెంప మీద ఫ్యాన్ గాలి తగిలినా తట్టుకోలేరు. ఇంట్లో చెప్తే, "కరెంటు పెట్టించుకున్నాక ఇలాంటివి మామూలే, ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంటారు. కొన్నాళ్ళకు పేషెంటు కూడా తనకు తాను అదే చెప్పుకుని నోరు మూసుకుంటారు. ఈ మౌనం నన్ను చాలా బాధపెడుతుంది. ఎందుకంటే ఇది చికిత్స ఉన్న జబ్బు. పూర్తిగా పోగొట్టలేకపోయినా చాలామందిలో బాగా తగ్గించగలం. కానీ పేషెంటు చెప్పాలి, మేం సరిగ్గా వినాలి. ఈ రెండూ జరగనిదే చికిత్స మొదలు కాదు.

అసలు ఈ నొప్పి ఎందుకు వస్తుందో ముందు చూద్దాం. రేడియేషన్ కిరణాలు కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలు ఆ దెబ్బను సరిదిద్దుకోలేక చచ్చిపోతాయి. కిరణాలు వెళ్ళే దారిలో నరాలు కూడా ఉంటాయి. నరంలోని కణాలు మాటిమాటికీ విభజన చెందవు కాబట్టి అవి రేడియేషన్‌ను బాగానే తట్టుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. కానీ అసలు నష్టం చాలావరకు నరం చుట్టుపక్కల జరుగుతుంది. నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు మెల్లగా మూసుకుపోతాయి. చుట్టూ ఉన్న మెత్తటి కణజాలం గట్టిపడి, పీచులా తయారై నరాన్ని బిగించేస్తుంది. దాన్ని ఫైబ్రోసిస్ అంటాం. నరం పైనున్న మైలిన్ పొర కూడా దెబ్బతింటుంది. ఇదంతా నిదానంగా, నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగుతుంది. "రేడియేషన్ అయిపోయి మూడేళ్ళయింది, ఇప్పుడెందుకు మొదలైంది డాక్టర్‌గారూ?" అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. చికిత్స ఆగినా లోపల ఈ బిగింపు ఆగలేదు. కొందరిలో పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దాటాక కూడా బయటపడుతుంది.

దెబ్బతిన్న నరం దానంతటదే సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. బటన్ ఇరుక్కుపోయిన కాలింగ్ బెల్ గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది కదా, అలా. చర్మం మీద గాయం ఉండదు, వాపూ ఉండదు. అయినా మెదడుకు నొప్పి సందేశం అందుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకు వెన్నుపాములోని నాడీకణాలు కూడా దీనివల్ల అతి సున్నితంగా మారి, చిన్న స్పర్శను సైతం నొప్పిగా పెద్దది చేసి చూపిస్తాయి. బట్ట రాసుకుంటే మంట పుట్టడం అందుకే. అదంతా ఊహ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎక్కడ వస్తుందనేది ఎక్కడ రేడియేషన్ ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి చంక, మెడ కింది భాగం దగ్గర ఇచ్చినప్పుడు చేతికి వెళ్ళే నరాల అల్లిక, అంటే బ్రేకియల్ ప్లెక్సస్ దెబ్బతినవచ్చు. నోరు, గొంతు, ముక్కు వెనుక భాగాల క్యాన్సర్లలో ముఖం, దవడ, మెడ నరాలు. గర్భాశయ ముఖద్వారం, పురీషనాళం, ప్రోస్టేట్ లాంటి పొత్తికడుపు క్యాన్సర్లలో కాళ్ళకు వెళ్ళే నరాలు. కాళ్ళ విషయంలో ఒక తేడా ఉంది. అక్కడ నొప్పి కన్నా బలహీనతే ముందు కనిపించడం ఎక్కువ. నడుస్తుంటే పాదం జారిపోతుంది, మెట్లెక్కుతుంటే కాలు పట్టు తప్పుతుంది. నొప్పి లేదు కదా అని దాన్ని పట్టించుకోకుండా ఉండకూడదు.

మొత్తం డోసు ఎంత, ఒక్కో రోజు ఎంత ఇచ్చారు అన్నవి రెండూ ముఖ్యమే. రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) కన్నా పెద్ద మోతాదుల్లో ఇస్తే నరానికి ముప్పు పెరుగుతుంది. ఇప్పటి ప్లానింగ్ పద్ధతుల్లో నరాలున్న చోటును ముందే గీసుకుని, అక్కడ పడే డోసును తగ్గిస్తున్నారు. అందువల్ల ఈ సమస్య పాతకాలంతో పోలిస్తే తగ్గింది. ఆపరేషన్, కీమో కూడా తోడైతే ముప్పు మళ్ళీ పెరుగుతుంది. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. రేడియేషన్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఈ నొప్పి రాదు. ప్రాణం నిలిపే చికిత్సను నొప్పి భయంతో ఎవరూ వద్దనుకోకండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకెళ్తాను. రేడియేషన్ అయిన రెండు మూడు నెలల్లో కొందరికి మెడ వంచగానే వెన్ను మీదుగా కాళ్ళ దాకా కరెంటు పాకినట్టు ఉంటుంది. లెర్మిట్ లక్షణం అంటారు. అది సాధారణంగా కొన్ని నెలల్లో తనంతట తానే పోతుంది. టెన్షన్ పడక్కర్లేదు, కానీ డాక్టర్‌కి మాత్రం చెప్పండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఇది నిజంగా రేడియేషన్ వల్లేనా, లేక క్యాన్సర్ తిరిగొచ్చి నరాన్ని నొక్కుతోందా? మీ మనసులో తిరిగే భయం కూడా ఇదే. దాన్ని దాచుకోకండి, నోరు తెరిచి అడగండి. మేం కొన్ని తేడాలు గమనిస్తాం. రేడియేషన్ వల్ల వచ్చేది సాధారణంగా తిమ్మిరితో, మొద్దుబారడంతో మొదలై మెల్లగా పెరుగుతుంది. క్యాన్సర్ నొక్కుతుంటే మొదటి నుంచే తీవ్రమైన నొప్పి ఉండటం ఎక్కువ. చేతి విషయంలోనైతే చిటికెన వేలి వైపు నొప్పి, అదే వైపు కనురెప్ప వాలిపోవడం, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే మేం తిరిగి వచ్చిన క్యాన్సర్‌ను గట్టిగా అనుమానిస్తాం. ఇవన్నీ సూచనలు మాత్రమే. తీర్పు చెప్పేది పరీక్షలు. కాంట్రాస్ట్‌తో ఎంఆర్‌ఐ, అవసరమైతే పెట్ సీటీ చేస్తారు. కండరాల్లో సన్నటి సూది పెట్టి చేసే ఈఎంజీలో మయోకీమియా అనే ఒక రకం అదురు కనిపిస్తే అది రేడియేషన్ వైపు మొగ్గు చూపుతుంది. ఒక్కసారి స్కాన్ బాగుంది కదా అని అక్కడితో వదిలేయకూడదు. నొప్పి తీరు మారితే మళ్ళీ చూడాలి.

నడుం లేదా వెన్ను నొప్పితో పాటు కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం, మల మూత్రాల మీద అదుపు తప్పడం జరిగితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. అదే రోజు, అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్ళండి. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుంటే ఆలస్యమైనకొద్దీ కాళ్ళలో బలం తిరిగి రావడం కష్టమవుతుంది. అలాగే మంటతో పాటు ఒకే పక్కన పట్టీలా నీటిపొక్కులు లేస్తే అది సర్పి కావచ్చు. దానికి వైరస్ మందు 72 గంటల లోపల మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

నరాల నొప్పికి తోడయ్యే ఇతర కారణాలు కూడా వెతుకుతాం. కొన్ని కీమో మందులు నరాలను దెబ్బతీస్తాయి. కానీ ఆ తిమ్మిరి రెండు పాదాల్లో, రెండు చేతుల్లో సమానంగా, గ్లవుజులు, సాక్సులు తొడుక్కున్నంత మేర ఉంటుంది. రేడియేషన్‌ది సాధారణంగా అది పడిన చోటి నరాల పరిధిలోనే ఉంటుంది. షుగర్ ఉందా? బి12 తక్కువగా ఉందా? మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గడం తెలిసిన విషయమే. ఇవి సరిచేయగలిగినవి. అందుకే ముందు చూసుకుంటాం.

పరీక్ష ఎలా చేస్తామో చెప్తాను. మీరు వచ్చినప్పుడు భయపడకుండా ఉండటానికి. ఒక దూది పోగు తీసుకుని ముందు బాగున్న చేతి మీద, తర్వాత నొప్పి ఉన్న చేతి మీద మెల్లగా రాస్తాను. "రెండు చోట్లా ఒకేలా ఉందా?" అని అడుగుతాను. కొందరు దూది తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. తర్వాత మొనతేలిన చిన్న పుల్లతో తాకుతాను. కొన్నిచోట్ల అసలు తెలియదు, దాని పక్కనే అంగుళం దూరంలో మాత్రం సూది దిగబడినట్టు ఉంటుంది. చల్లటి స్టీలు వస్తువును చర్మానికి ఆనిస్తే "కాలింది" అంటారు. స్పర్శ పోయిన చోటే నొప్పి ఎక్కువ ఉండటం వినడానికి వింతగా ఉంటుంది. కానీ నరాల నొప్పికి అదే గుర్తు. ఆ హద్దులను పెన్నుతో చర్మం మీదే గీసి, ఏ నరం పరిధిలోకి వస్తుందో చూస్తాను. ఈ పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. మీ డాక్టర్ ఇలా తాకి చూడకుండానే నరాల నొప్పి మందు రాస్తే, ఒకసారి చూడమని అడగడం మీ హక్కు.

ఇక మందులు. "ప్యారాసిటమాల్ వేసుకున్నా, పెయిన్‌కిల్లర్ వేసుకున్నా తగ్గలేదు" అని వస్తారు. మామూలు నొప్పులకు పనిచేసే ఆ మాత్రలు దెబ్బతిన్న నరం మీద పెద్దగా పనిచేయవు. తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోతే లివర్, కిడ్నీలు, కడుపు పాడయ్యే ప్రమాదం ఉంది. దీనికి వాడే మందులు వేరు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఒక జత. ఇవి మూర్ఛ మందులుగా మొదలయ్యాయి. అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్, డులోక్సెటిన్ డిప్రెషన్ మందులుగా మొదలయ్యాయి. చీటీ చూసి మందుల షాపులో "ఇది ఫిట్స్ మందు", "ఇది మానసిక జబ్బుల మందు" అంటే కంగారుపడి మానేయకండి. నరం పంపే సంకేతాలను నెమ్మదింపజేసే గుణం వాటికి ఉంది. అందుకే ఇస్తాం.

తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుని నరాల నొప్పి వచ్చిన 128 మందిపై చైనాలో చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. సగం మందికి ప్రీగాబాలిన్, సగం మందికి డమ్మీ మాత్ర, అంటే మందు లేని మాత్ర ఇచ్చారు. ప్రీగాబాలిన్ తీసుకున్నవాళ్ళలో నొప్పి స్పష్టంగా ఎక్కువ తగ్గింది. రేడియేషన్ నొప్పి మీదే చేసిన అధ్యయనాలు చాలా తక్కువ. అందుకే నేను దీన్ని విలువైనదిగా చూస్తాను. మిగతా మందుల విషయంలో షుగర్ నరాల నొప్పి, సర్పి తర్వాతి నొప్పి లాంటి వాటి మీద తెలిసిందాన్ని ఇక్కడికి తెచ్చుకుంటున్నాం.

మోతాదు తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. గాబాపెంటిన్ అయితే రాత్రి పూట 100 నుంచి 300 మిల్లీగ్రాములతో మొదలుపెడతాం. వారాల వ్యవధిలో పెంచుతాం. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో. డులోక్సెటిన్ 30తో మొదలుపెట్టి, సరిపడితే 60కి వెళ్తాం. మొదటి వారం మగతగా, తల తిరిగినట్టుగా ఉండొచ్చు. ఆ సమయంలోనే చాలామంది మానేసి, "అది పడలేదు" అంటారు. నిజానికి ఏ మందైనా సరైన మోతాదులో కొన్ని వారాలు వాడితేనే పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. మగత ఉన్నన్నాళ్ళు బండి నడపకండి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మోతాదు తగ్గించి ఇవ్వాలి. ఆ సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పండి.

రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. క్యాన్సర్ చికిత్స అయినవాళ్ళకే వర్తించేవి ఇవి. హడావుడి ఓపీలో వీటిని ఎవరూ గుర్తుచేయకపోవచ్చు. మొదటిది నోటి సంగతి. గొంతు, నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ అయినవాళ్ళకు లాలాజల గ్రంథులు ముందే దెబ్బతిని ఉంటాయి. నోరు ఎండిపోయి ముద్ద దిగదు, రాత్రి నాలుక అంగిలికి అంటుకుపోతుంది. అమిట్రిప్టిలిన్ దాన్ని ఇంకా ఎండబెడుతుంది. పళ్ళు పుచ్చిపోవడానికి కూడా ఇది తోడవుతుంది. అలాంటివాళ్ళకు నేను వేరే మందు వైపే చూస్తాను. గుండె లయలో తేడాలు, గ్లకోమా అనే కంటి జబ్బు, మూత్రం ఆగే ఇబ్బంది ఉన్నా అదే జాగ్రత్త. రెండోది టామోక్సిఫెన్. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని వాడేవాళ్ళు ఇక్కడ ఉంటారు. టామోక్సిఫెన్ శరీరంలోకి వెళ్ళాక లివర్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని అసలు పనిచేసే రూపంలోకి మారుస్తుంది. డులోక్సెటిన్ ఆ ఎంజైమ్‌ను కొంత అడ్డుకుంటుంది. నొప్పి తగ్గించబోయి క్యాన్సర్‌ను అదుపులో పెట్టే మందు బలం తగ్గించకూడదు కదా. కాబట్టి టామోక్సిఫెన్ వాడుతున్నామని నొప్పి డాక్టర్‌కీ, నొప్పి మందు మొదలుపెట్టామని క్యాన్సర్ డాక్టర్‌కీ చెప్పండి. మందుల పట్టీలన్నీ ఒకే సంచిలో వేసుకుని తెస్తే అన్నిటికన్నా మంచిది. పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు.

నొప్పి ఒక చిన్న మేరకే పరిమితమైతే చర్మం మీద అంటించే మందు ఉంది. 5 శాతం లిడోకైన్ ప్యాచ్‌ను 12 గంటలు అంటించి, 12 గంటలు తీసేస్తారు. ఇది రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. వయసు మళ్ళినవాళ్ళకు, మగత భరించలేనివాళ్ళకు నాకు నచ్చిన దారి. కానీ చర్మం పగిలి, పుండుగా ఉన్నచోట అంటించకూడదు.

ఇవేవీ చాలకపోతే ట్రమడాల్, మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులు వస్తాయి. మార్ఫిన్ పేరు వినగానే "అంటే ఇక చివరి దశేనా?" అని భయపడతారు. కాదు. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి ఇచ్చే మందు అది. అయితే క్యాన్సర్ తగ్గి ఇంకా చాలా ఏళ్ళు బతకబోయేవాళ్ళకు మేం దీన్ని మొదటి మెట్టుగా పెట్టం. తక్కువ మోతాదులో, గమనిస్తూ ఇస్తాం. మలబద్ధకానికి మందు మొదటి రోజు నుంచే రాస్తాం. గాబాపెంటిన్‌తో కలిపి వాడేటప్పుడు మత్తు ఎక్కువై శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఒకటి పెంచుతుంటే రెండోదాన్ని సొంతంగా పెంచకండి. డులోక్సెటిన్‌తో ట్రమడాల్ కలపడం కూడా డాక్టర్‌కి తెలిసి జరగాల్సిందే.

గట్టిపడిన కణజాలాన్ని కరిగించే మందు లేదా అని అడుగుతుంటారు. పెంటాక్సిఫిల్లిన్, విటమిన్ ఇ, క్లోడ్రోనేట్ కలిపి ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన అధ్యయనంలో డమ్మీ మాత్రలకన్నా మేలు చేసినట్టు తేలలేదు. గాలి ఒత్తిడి పెంచిన గదిలో కూర్చోబెట్టి ఆక్సిజన్ ఇచ్చే పద్ధతిని కూడా, రొమ్ము క్యాన్సర్ తర్వాత చేతి నరాలు దెబ్బతిన్న మహిళల్లో ప్రయత్నించారు. 2001లో వెలువడిన ఆ ఫలితాల్లో నరానికి చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. నేనిది చెప్పడానికి కారణం ఉంది. నొప్పితో ఉన్న మనిషి ఎంతైనా ఖర్చుపెడతారు. ఇవి మీ నరాల నొప్పిని పోగొడతాయని ఎవరైనా గట్టిగా హామీ ఇస్తే, కాస్త ఆగి ఆలోచించండి.

ఫిజియోథెరపీ మాత్రం వదలకండి. నొప్పి అని చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. అప్పుడు నరాల నొప్పికి కీలు నొప్పి తోడవుతుంది. చెయ్యి వాచి ఉంటే ఆ వాపును దించే చికిత్స కూడా నొప్పి చికిత్సలో భాగమే. రోజూ మెల్లగా చేసే వ్యాయామం మేలు. ఒక్కసారిగా లాగడం, విరచడం, గట్టిగా మర్దన చేయించడం వద్దు. మొద్దుబారిన చేతికి వేడి నీళ్ళ సంచి అస్సలు పెట్టకండి. కాలుతున్నా తెలియదు. స్నానానికి నీళ్ళ వేడి బాగున్న చేత్తోనే చూసుకోండి. మందులకు లొంగని నొప్పికి నరాల బ్లాకులు, అంటే నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్లు, వెన్నుపాము దగ్గర చిన్న పరికరం అమర్చడం లాంటివి ఉన్నాయి. అవి అనుభవం ఉన్న నొప్పి నిపుణులు ఒక్కొక్కరిని చూసి నిర్ణయించాల్సినవి.

ఎంత తగ్గుతుందని ఆశించాలి? నొప్పి పదికి ఎనిమిది ఉంటే నాలుగుకో, ఐదుకో దిగితే నేను దాన్ని మంచి ఫలితం అంటాను. అంకె ఒక్కటే చూడను. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? జడ వేసుకోగలుగుతున్నారా? చొక్కా బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా? ఇవే నాకు ముఖ్యం. నిద్ర పట్టకపోతే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే దిగులు, దిగులుతో మళ్ళీ నిద్ర పట్టదు. కాబట్టి నిద్రకు, దిగులుకు చికిత్స అడగడం బలహీనత కాదు.

సమయం ఉంది, ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

అక్కడ వెనక అమ్మగారు అడుగుతున్నారు, ఈ మాత్రలు జీవితాంతం వాడాలా అని. అందరికీ అక్కర్లేదమ్మా. నొప్పి కొన్ని నెలలు అదుపులో ఉంటే మెల్లగా తగ్గించి చూస్తాం. తగ్గించేటప్పుడు నొప్పి మళ్ళీ తలెత్తితే ఒక మెట్టు వెనక్కి వెళ్తాం. కొందరికి ఏళ్ళపాటు అవసరమవుతాయి, అందులో తప్పేమీ లేదు. ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. బాగుంది కదా అని ఒక్కరోజులో ఆపేయకండి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, డులోక్సెటిన్ హఠాత్తుగా ఆపితే చెమటలు, ఆందోళన, నిద్రలేమి వస్తాయి. మొదటి రెండింటితో ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఊరెళ్ళేటప్పుడు మాత్రలు సరిపడా పెట్టుకోండి.

ఇంకొకటి, ఈ బాబు అడిగింది. "మా నాన్నగారు నొప్పి ఉందని చెప్పరు, ఎలా తెలుసుకోవాలి?" అని. మంచి ప్రశ్న. చాలా ఇళ్ళలో ఇదే పరిస్థితి. ఆయన్ని నొప్పి ఉందా అని అడక్కండి, లేదనే అంటారు. ఇంతకుముందు చేస్తూ ఇప్పుడు మానేసినవి ఏమిటో చూడండి. ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నారు, గడ్డం ఏ చేత్తో గీసుకుంటున్నారు, ఆ వైపు బట్ట తగలకుండా చెయ్యి ఎత్తిపట్టుకుంటున్నారా, రాత్రి ఎన్ని గంటలకు లేచి కూర్చుంటున్నారు. ఒక వారం గమనించి కాగితం మీద రాయండి. ఓపీలో డాక్టర్ "ఎలా ఉంది?" అనగానే ఆయన "బాగానే ఉందండీ" అంటారు. అప్పుడు మీరు ఆ కాగితం ఇవ్వండి.